అతిథి ఎదుట తప్పే మీటరు

మేం మాత్రమే ఉన్నప్పుడు సరైన రీడింగు చూపించి, ఎవరైనా పెద్దమనిషి వచ్చి కూర్చుంటే తప్పు రీడింగు చూపించే మీటరు ఒకటి మా ల్యాబులో ఉండేది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వండి. ఆ వేసవంతా మేం మాత్రం నవ్వలేదు.

ముందు మా పనేమిటో చెప్పాలి. ఫ్యాక్టరీల్లో వాడే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో వాటికంటే ఖరీదైన మీటరుతో పోల్చి చూసి, తేడా ఎంతో కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపడం. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. ఇతరుల తప్పుల్ని కొలవడమే మా జీవనాధారం. నేను ఇందులోకి చదువుకుని రాలేదు. రేడియోలు, టీవీలు బాగుచేస్తూ, ఆ డబ్బాల్లో వచ్చే మాన్యువల్సు చదువుతూ, ఒకదాని వెనక ఒకటిగా ఇందులో పడ్డాను. అంకెలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఎక్కడ రెండు అంకెలు కనిపించినా వాటి మధ్య సంబంధం ఉందేమోనని చూస్తాను. చాలాసార్లు ఉండదు.

ల్యాబు విజయనగరంలో, నెల్లిమర్ల వెళ్ళే రోడ్డు మీద ఒక మేడ పై అంతస్తులో ఉండేది. రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో సంగతి. యజమానిది వ్యాపార కుటుంబం. తాత, తండ్రి కాటాలు, తూకపు రాళ్ళు అమ్మారు. ఈయన ఇంకాస్త పైకి వెళ్ళి మీటర్ల దాకా వచ్చాడు. మేమంతా షావుకారుగారు అనే పిలిచేవాళ్ళం. ఆయనకి ఉన్న ఒకే ఒక వ్యసనం మర్యాద. మేడ మెట్లెక్కి ఎవరు వచ్చినా ముందు కుషన్ కుర్చీ, తర్వాత మంచినీళ్ళు, తర్వాత ఏసీ. మామూలుగా ఇరవై అయిదు డిగ్రీల మీద ఉండే ఏసీని మనిషి స్థాయిని బట్టి తగ్గించేవాడు. స్టోర్సు గుమాస్తాకి ఇరవై మూడు. మేనేజరుకి ఇరవై. అంతకు మించిన వాళ్ళకి రిమోటు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు. పైగా బల్ల మీదున్న టేబుల్ ఫ్యాన్‌ని తన చేత్తో అతిథి వైపు తిప్పేవాడు. "మనిషిని ఎండలోంచి తెచ్చి గాలి లేకుండా కూకోబెడతామేటి మాస్టారూ?" అనేవాడు నాతో. అందులో కాదనడానికేమీ లేదు.

ఆ ఏడాదే మంచి మీటరు ఒకటి కొన్నారు. కొలిమిల్లో వేడిని కొలిచే తీగల నుంచి వచ్చే మిల్లీవోల్టుల్ని, అంటే వోల్టులో వెయ్యో వంతుల్ని, ఇంకా లోతుగా విడగొట్టి చూపిస్తుంది. దానికొక గొప్పతనం ఉంది. తనని తనే సరిచూసుకుంటుంది. లోపల వేడి మారిందని తెలియగానే పని ఆపి, టిక్కుటిక్కుమని లోపలి మీటలు మార్చుకుని, తన సున్నా ఎక్కడుందో మళ్ళీ చూసుకుని, ఆ తర్వాత రీడింగు మొదలుపెడుతుంది. ఎన్ని డిగ్రీలు మారితే ఈ పని చెయ్యాలో మనమే అమర్చుకోవచ్చు. బిగించడానికి వచ్చిన ఇంజినీరు అయిదు డిగ్రీలు సరిపోతుందన్నాడు.

"తక్కువెంతవరకు ఎల్తాది?" అని అడిగాడు షావుకారుగారు.

"ఒక డిగ్రీ దాకా పెట్టుకోవచ్చు సార్."

"అయితే ఒకటే పెట్టండి. ఎక్కువసార్లు సూసుకుంటే ఎక్కువ మంచిది కాదేటి?"

నేను కూడా తలూపాను. రోజుకి రెండుసార్లు స్నానం చేసేవాడు ఒకసారి చేసేవాడికంటే శుభ్రంగా ఉంటాడు కదా అనుకున్నాను. "ఆటోమేటిక్ సరిచూత ఆన్‌లో ఉండవలెను, ఒక డిగ్రీ" అని మా పనిపద్ధతి కాగితాల్లో టైపు చేసి, మాలాంటి ల్యాబులకి గుర్తింపు ఇచ్చే సంస్థకి పంపేశాం.

ఆ మీటరు ముందు కూర్చునే మనిషి శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయి. మిషను చర్చి కుటుంబం. పాలిటెక్నిక్ చదివి మా దగ్గర చేరింది. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే తప్పించుకోలేం. అంతకుముందు మిల్లీవోల్టుల కాగితాల మీద సంతకం పెట్టే ఆయన హైదరాబాదు వెళ్ళిపోయాడు. సంతకానికి డిప్లొమా ఉండాలి. నాకు లేదు. ఇక మిగిలింది ఆ అమ్మాయే. అయితే గుర్తింపు సంస్థ నుంచి పరీక్షాధికారి వచ్చి, ఎదురుగా కూర్చుని, తాను తెచ్చిన, స్థిరమైన మిల్లీవోల్టులిచ్చే పెట్టెని కొలిపించి, సరేనంటేనే ఆమె సంతకం చెల్లుతుంది. సరేననకపోతే ఆ బల్ల మూసెయ్యాలి. షావుకారుగారు దాచలేదు. "బల్ల లేకపోతే నీకు వేరే పనేదీ సూపించలేనమ్మా" అని మొహం మీదే చెప్పేశాడు. ఆమె "తెలుసు సార్" అంది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే అన్న సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఎదురుగా మనిషి ఉంటే కంగారు పడకుండా అలవాటు చేద్దామని షావుకారుగారే ఏర్పాటు చేశాడు. తెలిసిన పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి ఆమె ఎదుట కూర్చోబెట్టడం, ఆమె మా సొంత ప్రామాణిక పెట్టెని కొలవడం. దాని విలువ మాకు ముందే తెలుసు కాబట్టి ఎంత తప్పిందో వెంటనే తెలిసిపోతుంది.

మొదటివాడు మందుల ఫ్యాక్టరీ స్టోర్సు ఆఫీసరు. రీడింగు కొంచెం తప్పింది. తర్వాత బ్యాంకు మేనేజరు. ఇంకొంచెం తప్పింది. తర్వాత ఒక కాలేజీ ప్రిన్సిపాలు. ఆయనకి మూడు కప్పుల టీ, బాగా తప్పిన రీడింగు అందాయి. వాళ్ళు వెళ్ళిపోయాక అదే పెట్టె, అదే మీటరు, అదే అమ్మాయి. రీడింగు చివరి అంకె దాకా సరి.

మా ల్యాబులో ప్రెషర్ గేజీలు చూసే ఫిట్టరు ఒకడు ఉండేవాడు. పూర్వం జూట్ మిల్లులో పనిచేసినవాడు. అతను వెంటనే తేల్చేశాడు.

"సెయ్యి వణుకుతాంది మాస్టారూ. మిల్లులో మా సూపర్‌వైజరొస్తే నా సెయ్యీ ఇలగే వణికీది."

"నా సెయ్యి ఎక్కడున్నాదన్నా?" అంది అమ్మాయి. "తీగలు బిగించేసి సేతులు కట్టుకుని కూకుంటన్నాను. వణికినా నా సంకలోనే వణకాలి."

"అయితే గుండె వణుకుతాంది."

"గుండెకి తీగ తగిలించలేదన్నా."

ఆ సమాధానంలో అసలు విషయం సగం ఉంది. మేం పట్టించుకోలేదు. ఎందుకంటే ఎవరి కారణాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. షావుకారుగారికి దిష్టి అని నమ్మకం. మీటరు పైన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడాయి. గుమ్మం ముందు గుమ్మడికాయ పగిలింది. అటు శ్రీకాకుళంలో వాళ్ళ అమ్మ పాస్టరుగారి చేత ప్రార్థన చేయించింది. గుమ్మడికాయ తర్వాత వచ్చిన తప్పు, ప్రార్థన తర్వాత వచ్చిన తప్పు పక్కపక్కన పెట్టి చూశాను. చెప్పుకోదగ్గ తేడా లేదు.

నా కారణం ఇంకా శాస్త్రీయంగా ఉండేది. వచ్చిన పెద్దమనుషులకి వాళ్ళ హోదాని బట్టి మార్కులు వేశాను. అడ్డంగా హోదా, నిలువుగా తప్పు పెట్టి గ్రాఫు గీశాను. చుక్కలన్నీ చక్కగా ఒకే గీత మీద పడ్డాయి. నా జీవితంలో అంత అందమైన గ్రాఫు మళ్ళీ గియ్యలేదు. పెద్దవాడి ఎదుట పెద్ద భయం, పెద్ద తప్పు. పరీక్షాధికారికి ఎన్ని మార్కులు వెయ్యాలో ఆలోచించి, ఆ రోజు ఎంత తప్పొస్తుందో కూడా ముందే లెక్క కట్టాను. అనుమతించిన పరిధి దాటిపోతోంది. గ్రాఫు అమ్మాయికి చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. "అంటే కలెక్టరుగారొస్తే మీటరు పేలిపోతాదా మాస్టారూ?" అంది.

అధికారి రావడానికి ముందు రోజు షావుకారుగారికి పిలవడానికి పెద్దమనుషులు అయిపోయారు. మధ్యాహ్నం ఆయన బావమరిది ఏదో పని మీద వచ్చాడు. అరసవల్లిలో యాత్రికులు దిగే లాడ్జి నడుపుతాడు. నోరు ఊరుకోదు. "నువ్వే కూకోరా కాసేపు, మనిషిలాగ" అని అతన్ని బల్ల ముందు కుర్చీలో వేశాడు. కుషన్ కుర్చీ కాదు, ప్లాస్టిక్‌ది.

"ఏటి పాపా," అన్నాడు బావమరిది, "మిషను నీ మాట ఇంటాదా, నువ్వే మిషను మాట ఇంటావా?"

"నా మాటే ఇంటాదండి. పెద్దమనుషులొస్తేనే మొండికేస్తాది."

"అయితే బయ్యం నేదులే. నన్ను పెద్దమనిషని మా బావ ఇంతవరకు ఒప్పుకోనేదు."

అమ్మాయి తీగలు బిగించింది. అతను ఆపలేదు. ఆ నిమ్మకాయ ఎండిపోయింది, పులిహోరకి కూడా పనికిరాదన్నాడు. పెళ్ళి సంబంధం చూడనా అన్నాడు. ముందుకి వంగి ఆమె రాసే అంకెలు పైకి చదివాడు, అదీ తప్పుగా. మధ్యలో చొక్కా గుండీ విప్పుకుని, "బావా, ఆ ఏసీ కాస్త పెంచవా? కోళ్లఫారంలో కూకున్నట్టున్నాది" అన్నాడు.

"నీకు ఏసీ ఎందుకురా? నీ లాడ్జీలో నువ్వెవుడికేశావు ఏసీ?" అని షావుకారుగారు లోపలికి వెళ్ళిపోయాడు.

కొలత పూర్తయింది. నేను చూశాను. ఫిట్టరూ వచ్చి చూశాడు. చివరి అంకె దాకా సరి.

ఇక్కడ నా గ్రాఫు చచ్చిపోయింది. భయమే కారణమైతే, అంతమందిలో ఆమెని ఎక్కువగా సతాయించింది ఇతనే. హోదా తక్కువ కాబట్టి తప్పలేదని ఒక క్షణం సర్దుకోబోయాను. అమ్మాయి అప్పటికే లేచింది. టేబుల్ ఫ్యాన్ దగ్గరికి వెళ్ళి, దాన్ని బావమరిది వైపు తిప్పింది. గాలి అతన్ని చేరే ముందు మీటరు వెనక భాగాన్ని, తీగల ముడుల్ని తాకుతూ వెళ్తోంది. తర్వాత రిమోటు తీసుకుని ఏసీ తగ్గించింది, ప్రిన్సిపాలుగారి స్థాయికి.

"ఇప్పుడు కూకోండి బాబుగారూ, మీరూ పెద్దమనిషే."

"అబ్బ," అని కాళ్ళు చాపాడతను.

కాసేపటికి మీటరు టిక్కుటిక్కుమంది. రీడింగు ఆగింది. తనని తను సరిచూసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. తప్పింది.

"ఇదేటి," అన్నాడు బావమరిది, "నాకు కాసింత గాలొచ్చిందో లేదో మీటరు సెడిపోయింది. నా జాతకమే అంత."

ఆ టిక్కుటిక్కు మేమెవరమూ విననిది కాదు. ప్రతి అతిథి ముందూ విన్నాం. విని, మీటరు ఎంత జాగ్రత్తగా ఉందో అని సంతోషించాం కూడా. మేం చేత్తో సరిచూత చేసినప్పుడు ముందుగా సాకెట్లలోంచి తీగలు తీసేస్తాం. అది మొదటి పాఠం. తీగ వేరు లోహం, పెట్టె మీద తీగ బిగించే గుబ్బ వేరు లోహం. రెండూ కలిసిన ముడి మీద ఒకవైపు చల్లగాలి కొడితే అక్కడ చిటికెడు వోల్టేజి పుడుతుంది. తీగలు ఉండగా సరిచూత జరిగితే, ఆ చిటికెడునే మీటరు తన సున్నా అనుకుంటుంది. మనం చేస్తే తీగలు తీస్తాం. అదే చేసుకుంటే తీగలు తియ్యమని అడగదు. చేతులు లేవు కాబట్టి తియ్యదు. ఒక డిగ్రీ మారితే చాలునని మేమే చెప్పి ఉంచాం కాబట్టి, మర్యాద జరిగిన ప్రతిసారీ దానికి పని పడింది. మర్యాద పెరిగిన కొద్దీ తప్పు పెరిగింది. నేను గీసినది భయం గ్రాఫు కాదు, ఏసీ గ్రాఫు.

షావుకారుగారిని పిలిచి చెప్పాం. వోల్టులు, లోహాలు అంటే ఆయన మొహం మామూలుగానే ఉంది. అమ్మాయి ఇంకోలా చెప్పింది. "కాటా పళ్లెంలో రాయుండగా సున్నా కొట్టినట్టు సార్."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మూడు తరాల కాటాల ఇల్లు. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"ఇన్నాళ్ళూ పళ్లెంలో రాయెట్టింది నానేనా?"

"మీరు గాలే పెట్టారు సార్. తీగలు తియ్యంది మేం."

"మరి రేపు?"

సెట్టింగు ఆపేస్తే సరిపోతుంది కదా అని మీరు అంటారు. ఫిట్టరూ అదే అన్నాడు. కాని మా పద్ధతి కాగితాల్లో ఆన్ అని ఉంది, అధికారి చేతిలో ఉన్నవి అవే కాగితాలు. రాసినదొకటి, చేసేదొకటి అయితే మిల్లీవోల్టుల బల్లే కాదు, ల్యాబు మొత్తం మూతపడుతుంది. కొత్త పద్ధతి రాయాలంటే దాన్ని నిరూపించే కొలతలు కావాలి. ఒక్క రాత్రిలో అవి పుట్టవు. చివరికి ఒకే దారి మిగిలింది. ఆ గదిలో వేడి మారకూడదు. అంటే షావుకారుగారు ఆ అధికారికి మర్యాద చెయ్యకూడదు.

"రిమోటు నా దగ్గరుంచుకుంటాను షావుకారూ," అన్నాడు ఫిట్టరు.

"నా మీద నమ్మకం నేదేటిరా?" అని ఆయన దాన్ని తన జేబులోనే వేసుకున్నాడు.

మర్నాడు అధికారి వచ్చారు. సన్నటి మనిషి, ఎండలో పొడుగుచేతుల చొక్కా, టై. దక్షిణాది నుంచి వచ్చినవారు, మాట మెత్తన. షావుకారుగారు నమస్కారం పెట్టి, కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని గోడవారన నిలబడ్డాడు. ఫ్యాన్ ఆపి ఉంది. ఏసీ ఇరవై అయిదు మీద ఉంది. అది నిజానికి బాధపడవలసిన వేడేమీ కాదు. బాధపడుతున్నది షావుకారుగారు.

అధికారి తన పెట్టె ఇచ్చారు. దాని విలువ ఆయనకే తెలుసు. అమ్మాయి తీగలు తీసి ఉంచి, మీటరుని సరిచూసి, తీగలు బిగించి, అవి కుదుటపడేదాకా ఆగి, రాయడం మొదలుపెట్టింది. అధికారి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. షావుకారుగారు క్యాలెండరు వైపు చూశాడు. ఆయన మెడ తుడుచుకున్నారు. షావుకారుగారు కాళ్ళు మార్చుకున్నాడు. ఫిట్టరు ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అధికారి కళ్ళజోడు తీసి, అద్దాల మీది చెమట తుడిచి, "ఎండ బాగా ఉందండీ మీ వైపు" అన్నారు.

ఇంటికొచ్చిన మనిషి ఆ మాట అన్నాక ఊరుకునే శక్తి షావుకారుగారి వంశంలో ఎవరికీ ఉండదు. కీక్ మంది. ఏసీ రిమోటు నొక్కితే వచ్చే శబ్దం. ఆయన చేతులు వెనకే ఉన్నాయి, మొహం క్యాలెండరు వైపే ఉంది. కీక్, కీక్, కీక్. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ప్రిన్సిపాలుని దాటి ఇంకా కిందికి వెళ్ళాడు.

చల్లగాలి దిగింది. అధికారి "హమ్మయ్య" అన్నారు. నేను మీటరు వైపు చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి టిక్కుటిక్కుమంది. తీగలు బిగించే ఉన్నాయి. రీడింగు ఆగింది, తిరిగి మొదలైంది. అంకె మారింది. కాని, ఫ్యాన్ లేదు కాబట్టి కావచ్చు, కొంచెమే మారింది. అనుమతించిన పరిధిలోనే ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. రాసెయ్యమ్మా అని మనసులో అన్నాను. ఫిట్టరు పెదవులు కూడా అదే మాట అన్నాయి.

అమ్మాయి పెన్ను కింద పెట్టింది.

"సార్, ఇక్కడి నుంచి వచ్చేవి రాయలేనండి."

అధికారి కాగితం తన వైపు తిప్పుకుని చూశారు. "ఎందుకమ్మా? పరిధిలోనే ఉన్నాయి కదా. ముందు వాటికీ దగ్గరగానే ఉన్నాయి."

"ఉన్నాయండి. కాని ఎందుకున్నాయో నాకు తెలీదండి."

షావుకారుగారు క్యాలెండరు నుంచి ఇటు తిరిగాడు. ఆయన మొహం చూడలేక నేను మీటరు చూశాను. ఆమె నిదానంగా చెప్పింది. తీగలుండగా మీటరు తనే సున్నా చూసుకున్న సంగతి, ఒక డిగ్రీ అని మేం పెట్టిన సంగతి, అది ముందు రోజే తెలిసిన సంగతి, కాగితాల్లో ఇంకా మార్చని సంగతి. ఏసీ ఎవరు తగ్గించారన్నది మాత్రం చెప్పలేదు. "గది సల్లబడింది" అంది.

"ఇది ల్యాబు మీద లోపంగా రాయాల్సి వస్తుంది," అన్నారు అధికారి.

"రాయండి సార్," అన్నాడు షావుకారుగారు. "రిమోటు నాది."

అధికారి పెన్ను తీసి కాసేపు రాశారు. రాసినంతసేపూ ఆమె తీగలు విప్పుతూనే ఉంది. తర్వాత ఆయన లేచి, టై వదులు చేసుకుని, "గది మామూలు కావడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు.

"మనుషులు తక్కువుంటే తొందరగా అవుతాదండి."

ఆయన బయట వరండాలోకి వెళ్ళి, ఎండ తగలని మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. షావుకారుగారు వెనకే వెళ్ళి, ఏం ఇవ్వాలో తెలియక, ఒక పాత దినపత్రిక మడిచి ఇచ్చాడు. ఆయన దానితో విసురుకున్నారు.

ఏసీ మళ్ళీ ఇరవై అయిదుకి వచ్చి గది కుదుటపడ్డాక, ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి రిమోటు ఫిట్టరు దగ్గర ఉంది. అడిగి తీసుకోలేదు, షావుకారుగారే తెచ్చి చేతిలో పెట్టాడు. కొలత పూర్తయ్యాక అధికారి తన సంచిలోంచి మూసిన కవరు తీసి, విలువ చూసి, ఆమె అంకెతో పోల్చారు. కవరు మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు.

"పరిధిలో ఉన్నా ఆగమని నీకు ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు.

నేను కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను.

"ఎవరూ సెప్పలేదండి," అంది. "రాసేస్తే దాని కింద సంతకం నాదే కదండీ."

ఆయన కొత్త పేజీ తిప్పారు. పైన, సంతకం చెయ్యడానికి అర్హులు అని ఉన్న గడి దగ్గర పెన్ను ఆపి, "పూర్తి పేరు చెప్పు, ఇంటిపేరుతో సహా" అన్నారు. ఆమె చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను, వద్దని ఆవిడే అంది. ఆయన మాత్రం ఒక్కొక్క అక్షరం అడిగి, పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు.